కానాగంత: హైదరాబాదు అడగని చేప



మాస్టారు జంతుశాస్త్రం చెప్పారు. బోర్డు మీద బొమ్మ గీయడానికి ముందు జీవిని బల్ల మీద పెట్టాలన్నది ఆయన పద్ధతి. ఆయన పేరు మీద జరిగే ఈ ఉపన్యాసంలో నేనూ ఒకే ఒక్క చేపను బల్ల మీద పెడతాను. అది కానాగంత. కోస్తాలో కొన్నిచోట్ల కనగర్త అంటారు. హైదరాబాదు దుకాణాల్లో పడమటి తీరం సరుకుతో పాటు వచ్చిన బంగడా అన్న పేరు కూడా నడుస్తోంది. ఇంగ్లీషులో ఇండియన్ మాకెరెల్. దీనికి అట్లాంటిక్ సముద్రంలో ఒక పెద్ద చుట్టం ఉంది, అట్లాంటిక్ మాకెరెల్. దాని సంగతి కూడా కొంత చెప్పుకుందాం. అక్కడ ఇప్పుడు జరుగుతున్నది మనకు పనికొచ్చే విషయం.

అమీర్‌పేటలో కూర్చుని సముద్రపు చేప మాటేమిటని మీకు అనిపించవచ్చు. మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు, పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి ముందు రోగుల బంధువులు, మధ్యలో మెట్రో స్తంభాలు. మచిలీపట్నం తీరం ఇక్కడికి 340 కిలోమీటర్ల దూరం. విశాఖ రేవు 600 పైచిలుకు. అయినా ఈ పేటకు చేపలతో ఒక పాత సంబంధం ఉంది. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి 2006లో ఏర్పడినప్పుడు దాని కార్యాలయం ఈ అమీర్‌పేటలోనే, మైత్రీ విహార్ వాణిజ్య సముదాయంలో ఉండేది. వీధిలో జావా నేర్చుకునే పిల్లలు, పై అంతస్తులో దేశం మొత్తం చెరువుల, రేవుల ఫైళ్లు. తర్వాత ఆ కార్యాలయం పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కట్టిన భవనంలోకి మారింది. ఆ దారిన వెళ్లేవాళ్లందరూ ఆ భవనం చూసే ఉంటారు. లోపల ఏం పని జరుగుతుందో అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ.

దానికి తోడు ఇన్‌కాయిస్ ఉంది. 1999లో ఏర్పడిన ఈ సముద్ర సమాచార కేంద్రం కూడా హైదరాబాదులోదే, ఇప్పుడు ప్రగతినగర్‌లో ఉంది. సునామీ హెచ్చరికల వల్ల దాని పేరు పత్రికల్లో వస్తుంది గాని, అది రోజువారీ చేసే మరో పని ఉంది. సముద్రంలో ఏ వైపు, ఎంత దూరంలో, ఎంత లోతున్న చోట చేపలు ఉండే అవకాశం ఉందో తీరంలోని పడవలకు చెబుతుంది. ఉపగ్రహానికి చేప కనిపించదు. దానికి కనిపించేది రెండు: నీటి పైపొర ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసేచోట లోతు నుంచి పోషకాలు పైకి వస్తాయి. వాటి మీద కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. వాటిని తినే జంతు ప్లవకాలు చేరతాయి. వాటి కోసం చేప వస్తుంది. ఈ లెక్క సొరచేప విషయంలో కన్నా కానాగంత విషయంలో బాగా కుదురుతుంది. కానాగంత నోరు తెరిచి చూస్తే మొప్పల లోపల దువ్వెన పళ్లలా పొడవాటి ముళ్లు బారుగా ఉంటాయి. అది నోరు తెరుచుకుని ఈదుతూ ఆ ముళ్లతో నీటిని వడగట్టి ప్లవకాలను తింటుంది. పచ్చదనానికీ ఈ చేపకూ మధ్య మెట్లు తక్కువ. అంటే హైదరాబాదులో ఒక తెర మీద కనిపించే ఆకుపచ్చ మచ్చ, భీమిలి మత్స్యకారుడి ఫోనులో ఒక దిక్కు, కొన్ని కిలోమీటర్లు అయి చేరుతుంది. చేప ఎక్కడుందో చెప్పే ఊరు మనది. పట్టిన చేపను అడగని ఊరు కూడా మనదే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ సంగతే.

ఈ చేపను ప్రపంచానికి చూపించింది విశాఖపట్నం. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1781లో తమ్ముడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. తర్వాత కొన్నేళ్లకు ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. పాముల మీద ఆయన రాసిన పుస్తకం వల్ల మన రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే స్థిరపడింది. చేపల పుస్తకం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది. విశాఖ తీరంలో సేకరించిన 200 చేపలు, వాటి బొమ్మలు, వర్ణనలు. బొమ్మలు వేసినవాళ్లు ఇక్కడి చిత్రకారులు. చేపలకు పేర్లు పెట్టే పని రసెల్ పెట్టుకోలేదు. జాలర్లు ఏం పిలుస్తున్నారో అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. పారిస్‌లో ఉన్న జార్జ్ కువియే 1816లో కానాగంత బొమ్మను, దాని పేరును తీసుకుని శాస్త్రనామం ఇచ్చాడు. ఈనాడు ఎర్ర సముద్రం నుంచి ఇండోనేషియా దాకా ఏ ప్రయోగశాలలోనైనా ఈ చేపను రాస్ట్రెల్లిగర్ కనగుర్త అనే రాస్తారు. రసెల్‌కు ఆ పేరు చెప్పిన జాలరి ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. మాస్టారు ఉంటే ఈ మాట దగ్గర కాసేపు ఆగేవారు.

ఇక పరిమాణం. కానాగంత మామూలుగా జానెడు ఉంటుంది, 20 నుంచి 25 సెంటీమీటర్లు. వీపు నీలి ఆకుపచ్చ, పొట్ట వెండి తెలుపు, తోక పంగలా చీలి ఉంటుంది. గుంపులుగా తిరుగుతుంది. ఏడాది తిరిగేసరికి గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. రెండు మూడేళ్లకు మించినది వలలో పడటం అరుదు. తొందరగా పెరిగి తొందరగా పోయే చేప కాబట్టి దాని రాబడి ఏటా ఒకలా ఉండదు. ఒక ఏడు ఐసు చాలనంత పడుతుంది, మరో ఏడు బోట్లు ఖాళీగా తిరిగి వస్తాయి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2024లో దేశంలో పట్టిన సముద్ర చేపల మొత్తం 34.7 లక్షల టన్నులు. అందులో అన్ని జాతుల కన్నా ముందున్నది కానాగంతే, 2.63 లక్షల టన్నులు. వంజరం కాదు, చందువ కాదు, పులస అసలే కాదు. భారతదేశపు సముద్రం ఆ ఏడాది ఎక్కువగా ఇచ్చిన చేప ఇదే.

అదే సంస్థ శాస్త్రవేత్తలు మరో సంగతి గమనించారు. 1985-89 మధ్య కానాగంత రాబడిలో అడుగు వలలతో, అంటే ట్రాలర్లతో పట్టినది 2 శాతమే. మిగతాదంతా పైనీటి వలల్లో పడింది. 2003-07 నాటికి ట్రాలర్ల వాటా 15 శాతం దాకా వచ్చింది. పైనీరు వేడెక్కుతుంటే చేప చల్లదనం కోసం కిందికి దిగుతోందని వాళ్ల వివరణ. చేప దిగితే వల దిగాలి, వల దిగితే ఇంజను పెరగాలి, డీజిలు పెరగాలి. తెప్ప మీద వెళ్లేవాడికి ఆ లోతు అందదు.

ఇప్పుడు అట్లాంటిక్ చుట్టం దగ్గరికి వద్దాం. అది మన దానికన్నా పెద్దది, 30 నుంచి 40 సెంటీమీటర్ల దాకా మామూలుగా దొరుకుతుంది, పదిహేనేళ్లు దాటి బతకగలదు. దానికి గాలితిత్తి లేదు. ఈదడం ఆపితే మునిగిపోతుంది, కాబట్టి జీవితమంతా ఈదుతూనే ఉంటుంది. ఈదేచోటు మార్చుకోవడం కూడా దానికి తేలికే. 2000 తర్వాత కొన్నేళ్లకు వేసవిలో ఆ చేప గుంపులు ఐస్‌లాండ్ జలాల్లోకి రావడం మొదలైంది. 2006 ముందు ఐస్‌లాండ్ పడవలకు మాకెరెల్ చెప్పుకోదగ్గది కాదు. 2008 నాటికి ఆ దేశం ఏడాదికి లక్ష టన్నులకు పైగా పట్టింది. నార్వే, స్కాట్లండ్, ఐర్లండ్ మత్స్యకారులు అది మా చేప అన్నారు. మా నీళ్లలో మేత మేసి పెరిగిన చేప మాది కాదా అని ఐస్‌లాండ్ అడిగింది. ఫారో దీవులు కూడా తమ వాటా పెంచుకున్నాయి. ఎవరి మాటలోనూ పూర్తి తప్పు లేదు. శాస్త్రవేత్తలు మొత్తం ఇంత పట్టవచ్చు అని ప్రతి ఏడాదీ చెబుతూనే ఉన్నారు. దేశాలు ఎవరికి వాళ్లు తమ వాటా ప్రకటించుకుంటూ వచ్చాయి. వాటాలన్నీ కలిపితే శాస్త్రవేత్తలు చెప్పిన అంకెను దాటిపోయేవి. 2019 మార్చిలో ఆ వేటకు ఉన్న అంతర్జాతీయ పర్యావరణ ధ్రువపత్రాన్ని నిలిపివేశారు. 2025 శరదృతువులో, 2026 సంవత్సరానికి వేటను, ముందటి ఏడాది ఇచ్చిన సలహా కన్నా 70 శాతం తగ్గించి, సుమారు 1.74 లక్షల టన్నులకు పరిమితం చేయాలని అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి సలహా ఇచ్చింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ప్రపంచంలో ఇంత దగ్గరగా లెక్కలు కట్టిన చేపలు అరుదు. గుడ్లు లెక్కపెడతారు, చేపల్లో చిన్న గుర్తింపు పరికరాలు పెట్టి వదులుతారు, ధ్వని తరంగాలతో గుంపులను కొలుస్తారు. ఆ దేశాలకు డబ్బు కొరత లేదు, చదువు కొరత లేదు. పంచుకోవడం దగ్గరే ఆగిపోయారు.

మనం నవ్వుకోవడానికి లేదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద మత్స్యకార గ్రామాల మధ్య గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. రింగు వల చేపల గుంపును చుట్టుముట్టి అడుగు మూసేసే వల. కవళ్లు, కానాగంతలు వంటి గుంపు చేపల కోసమే దాన్ని వాడతారు. ఒకసారి వేస్తే గుంపు మొత్తం దొరుకుతుంది, సన్న కన్నుల వల అయితే పిల్లచేప కూడా పోతుంది. దానికి పెట్టుబడి పెట్టగలిగినవాళ్లు ఒక పక్క, మామూలు వలల వాళ్లు మరో పక్క. ఐస్‌లాండ్, నార్వేల తగాదా ఇదే. అక్కడ మంత్రులు ప్రకటనలు ఇచ్చుకున్నారు, ఇక్కడ పేదవాళ్ల పడవలు కాలాయి. ఈ గొడవను శాంతిభద్రతల సమస్యగా రాసిన పత్రికలతో నాకు పేచీ ఉంది. అది ఎవరు ఎంత పట్టాలన్న సమస్య. దాని మీద తీర్మానం పోలీసు స్టేషన్లో జరగదు.

సముద్రం నుంచి మళ్లీ మన వీధికి వద్దాం. ఐసు రాక ముందు తెలంగాణ ఊళ్లకు సముద్రం ఎండుచేపగానే వచ్చింది. సంతలో గోనె మీద పోసి అమ్మే ఎండుచేపలు, చింతపండు, కారం. ఆ ఎండబెట్టడంలో కూడా ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంలో ఉప్పు పన్ను వల్ల చేపకు చాలినంత ఉప్పు పట్టించే స్తోమత జాలర్లకు లేకపోయింది. చేపల మీద పెద్ద గ్రంథాలు రాసిన ఫ్రాన్సిస్ డే 1870లలోనే ఈ సంగతి ప్రభుత్వానికి చెప్పాడు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ తీరంలో పన్ను లేని ఉప్పుతో చేపలు ఊరవేసే యార్డులు వచ్చాయి. ఉప్పు మీద పన్ను ఎవరి కంచం దాకా వెళ్లిందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇవాళ హైదరాబాదులో చేప అంటే రవ్వ, బొచ్చె, కొర్రమీను. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా. చెరువుల ఊరికి చెరువు చేప ఇష్టం కావడం సహజం, దాన్ని నేను తప్పుపట్టను. కాని మృగశిర కార్తె నాటి మన తిండి సంగతి ఒకసారి చూడండి. జూన్ 8 ప్రాంతంలో ఊరంతా చేప తింటుంది. ముషీరాబాద్ మార్కెట్‌లో కాలు పెట్టే చోటు ఉండదు. సరిగ్గా అప్పుడు సముద్రంలో మరబోట్లు ఉండవు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. జూన్ మొదటి రెండు వారాలు రెండు తీరాల్లోనూ బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజు మనకు తాజా సముద్రపు చేప అని అమ్మేదాన్ని కాస్త అనుమానంగానే చూడాలి. మిగతా ఏడాదంతా మాత్రం ఈ ఊరి అదృష్టం వేరు. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ, కాకినాడ మూతపడితే మంగుళూరు, మల్పె సరుకు వస్తుంది. జూన్ 15 తర్వాత పడమటి తీరం మూతపడి ఉంటే మన తీరం తెరుచుకుంటుంది. రెండు సముద్రాల మధ్య ఉన్న ఊరికి కానాగంత దాదాపు ఏడాది పొడుగునా అందుతుంది.

అందాలంటే ఐసు కావాలి. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ చేపకు చెరువు చేపకు లేని ఒక గుణం ఉంది. మాకెరెల్ కుటుంబపు చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప పట్టిన తర్వాత ఎండలో కొన్ని గంటలు పడి ఉంటే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి హిస్టమిన్ ఏర్పడితే కడిగినా పోదు, మరిగించినా పోదు, వేపినా పోదు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. తిన్న గంటలోపు మొహం ఎర్రబడి, దురద పెట్టి, తలనొప్పి, గుండె దడ వస్తాయి. నాకు సముద్రపు చేప పడదు అని చెప్పేవాళ్లలో కొందరికి పడనిది చేప కాదు, ఎండలో గడిచిన ఆ కొన్ని గంటలు. మరో చిక్కు పొట్ట. ప్లవకాలతో నిండిన పొట్టలోని రసాలు చేప చచ్చాక కూడా పని చేస్తూనే ఉంటాయి. అందుకే పాతబడిన కానాగంత ముందు పొట్ట దగ్గర మెత్తబడి చిట్లుతుంది. చేప ఎంత బరువో ఐసు అంత బరువు వెయ్యాలన్నది రేవుల్లో చెప్పే నియమం. ఐసు ఖరీదు చేప ఖరీదులో కలుస్తుంది కాబట్టి చవక చేపకు ఐసు తక్కువ వేస్తారు. వంజరానికి థర్మోకోల్ పెట్టె, కానాగంతకు గంప. చవక చేప తినేవాడికే చెడిన చేప అందడం వెనక ఉన్న కారణం ఇది. 2018లో ఫార్మలిన్ కలిపిన చేపల గొడవ లేచినప్పుడు అందరూ వ్యాపారుల నీతి గురించి మాట్లాడారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపలో ఫార్మలిన్ పట్టేసే చిన్న పరీక్ష పట్టీలు తయారుచేసి మంచి పని చేసింది. కాని సరిపడా ఐసు, చల్లని బండి ఉన్నచోట ఫార్మలిన్‌కు పని లేదు.

పంజాగుట్ట వైపు వైద్యుల బల్లల ముందు ఈమధ్య తరచు వినిపించే ప్రశ్న: చేప గుండెకు మంచిదట, మాకెరెల్ తినాలట, నిజమేనా? ఆ సలహాలు చాలావరకు అట్లాంటిక్ చేపను దృష్టిలో పెట్టుకుని రాసినవి. చలికాలానికి ముందు దాని కండలో పావు వంతు దాకా కొవ్వు ఉండవచ్చు. మన వెచ్చని నీళ్ల కానాగంతలో కొవ్వు అంతకన్నా బాగా తక్కువ, కాలాన్ని బట్టి మారుతుంది. ఆ కొవ్వులో ఒమేగా-3 రకం ఉన్న మాట నిజం, మాంసకృత్తులు నూటికి ఇరవై దాకా ఉన్న మాటా నిజం. కాని అక్కడి చేప అంకెలను తెచ్చి ఇక్కడి చేపకు అంటించడం సరికాదు. మన అంకెలు కావాలంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహారాల పట్టికలు ఉన్నాయి.

ఇలాంటిదే ఒక అనవసర భయం కూడా ఉంది. గర్భిణులు మాకెరెల్ తినకూడదని, పాదరసం ఎక్కువని కొందరు చదివి భయపడుతున్నారు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ వద్దన్నది కింగ్ మాకెరెల్. అది మన వంజరానికి దగ్గరి చుట్టమైన పెద్ద వేటచేప. పెద్ద చేప చిన్న చేపలను ఏళ్ల తరబడి తిని పాదరసం పోగుచేసుకుంటుంది. ప్లవకాలు తిని రెండు మూడేళ్లు బతికే కానాగంతకు అంత పోగుచేసుకునే వ్యవధి ఉండదు. ఆ సంస్థే అట్లాంటిక్ మాకెరెల్‌ను అత్యుత్తమ ఎంపికల జాబితాలో పెట్టింది.

మరి హైదరాబాదు ఎందుకు అడగదు? ముల్లు ఎక్కువని కొందరంటారు. రవ్వలో కన్నా దీనిలో ముల్లు తీయడం సులువు, నడిమి ఎముక పట్టి లాగితే చాలావరకు వచ్చేస్తుంది. వాసనని కొందరు. ఆ వాసన చాలాసార్లు పాత చేప వాసన. అసలు కారణం నాకు తోచినంతవరకు వేరు. ఇక్కడ హోదా కోసం తినేవాళ్లకు వంజరం, చందువ ఉన్నాయి. అలవాటుగా తినేవాళ్లకు చెరువు చేప ఉంది. మధ్యలో ఉన్న ఈ చేపను శ్రీకాకుళం నుంచి కోచింగుకు వచ్చిన కుర్రాడూ, కేరళ నుంచి వచ్చి ఆస్పత్రుల్లో పనిచేసే నర్సమ్మా వెతుక్కుని కొంటారు. నర్సమ్మ దాన్ని అయిల అంటుంది. ఎస్.ఆర్. నగర్, బల్కంపేట సందుల్లో ఆదివారం పొద్దున వాళ్లిద్దరూ ఒకే గంపలో ఏరుకోవచ్చు. ఇక్కడే పుట్టి పెరిగిన హైదరాబాదువాళ్లు ఆ గంప దాటి వెళ్లిపోతారు.

ఈ సభలో హాస్టళ్లు, మెస్సులు నడిపేవాళ్లు కొందరున్నారని తెలిసి ఈ విషయం ఎంచుకున్నాను. మీ దగ్గర తినే పిల్లల్లో చాలామంది నెలంతా సాంబారు, గుడ్డు, ఆదివారం బ్రాయిలర్ కోడి మీద గడుపుతారు. వారానికి ఒకరోజు కానాగంతల పులుసు పెట్టండి. చింతపండు పులుసు, మామిడికాయ దొరికే రోజుల్లో అది, మెంతిపిండి చిటికెడు. మొదటి వారం సగం మంది వద్దంటారు, మానకండి. కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎరుపు చూడండి, పొట్ట నొక్కి గట్టిదనం చూడండి, ఐసు లేని గంప దగ్గర కొనకండి. బెత్తెడు పిల్లచేపను చవకగా వస్తుందని తీసుకోకండి. కేరళలో 14 సెంటీమీటర్ల కన్నా చిన్న కానాగంతను పట్టడం చట్టవిరుద్ధం. మన దగ్గర కొనేవాడు వద్దంటే చాలావరకు అదే పని చేస్తుంది. నిషేధం రోజుల్లో తాజా చేప కోసం పట్టుబట్టకండి. ఆ రెండు నెలల ఇబ్బందికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 నుంచి ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20 వేల రూపాయలు ఇస్తోంది. మనవంతుగా మనం ఆగగలం.

ప్రభుత్వంలో ఉన్న మిత్రులకు ఒక విన్నపం. చేప ఎక్కడుందో కనిపెట్టడానికి మనం ఉపగ్రహాలు పెట్టుకున్నాం. చవక చేపకు ఐసు, రేవు నుంచి మార్కెట్ దాకా చల్లని బండి, ప్రతి చిల్లర బండి దగ్గర ఒక ఐసు పెట్టె, ఇవి అంతకన్నా చాలా చిన్న ఖర్చులు. కేటాయింపులు చేసేటప్పుడు వంజరం ఎగుమతిదారుడి కన్నా ముందు గంపలో కానాగంతలు పెట్టుకుని వీధులు తిరిగే ఆడమనిషిని లెక్కలోకి తీసుకోండి.